పొలిమేర ఓటుకు తూకం తక్కువ

2004 మే నెలలో లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడినప్పుడు దేశమంతటిలోకీ ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థి గెలిచింది ఔటర్ ఢిల్లీ నుంచి. వచ్చిన ఓట్లు 8.55 లక్షలు. ఆ అంకెలో అభ్యర్థి బలం కన్నా నియోజకవర్గం పరిమాణమే ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ నమోదైన ఓటర్లు 33.68 లక్షల మంది. అంత పెద్ద లోక్‌సభ స్థానం ఆ రోజున దేశంలో మరొకటి లేదు. అదే ఢిల్లీ నుంచి, అదే సభకు, తానూ ఒక్క ఎంపీనే పంపిన చాందినీ చౌక్‌లో ఓటర్లు నాలుగు లక్షల లోపు. పాతనగరం సందుల్లో ఒకరు వేసిన ఓటుకు నరేలాలోనో నజఫ్‌గఢ్‌లోనో ఎనిమిది మంది ఓట్లు కలిస్తే గానీ సరితూగలేదన్నమాట. నాలుగేళ్ల తర్వాత జరిగిన పునర్విభజనలో ఔటర్ ఢిల్లీ పేరే లేకుండా పోయింది. నగరం పెరిగిన వేగాన్ని చట్టం అందుకోలేకపోయింది కాబట్టే ఇంత తేడా వచ్చిందని సాధారణంగా చెబుతుంటారు. ఆ నియోజకవర్గం చరిత్రను వరసగా చదివితే ఆ మాట నిలవదు. రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే వాక్యంలో ముడేసిన రాజ్యాంగ సవరణ ఒకటి ఉంది. ఆ ముడి వల్ల ముప్పై ఏళ్లపాటు శివారు జనం నష్టపోయారు. ఆ ముడి అప్పుడు వేయకుండా ఉండాల్సింది. ఇప్పటికైనా విప్పొచ్చు.

మొదట్లో ఔటర్ ఢిల్లీకి ఒక అర్థం ఉండేది. 1951 జనాభా లెక్కల ప్రకారం ఢిల్లీ జనం 17.44 లక్షలు. మరుసటి ఏడు జరిగిన తొలి ఎన్నికల్లో ఢిల్లీకి నాలుగు లోక్‌సభ స్థానాలిచ్చి, మూడు నియోజకవర్గాలు గీశారు. న్యూఢిల్లీ ఒకటి, ఢిల్లీ సిటీ ఒకటి, మిగిలిన పల్లెపట్టు అంతా కలిపి ఔటర్ ఢిల్లీ. అది ద్విసభ్య నియోజకవర్గం. జనరల్ స్థానం నుంచి సి. కృష్ణన్ నాయర్, ఎస్సీ స్థానం నుంచి నవల్ ప్రభాకర్ గెలిచారు. 1957లోనూ వాళ్లిద్దరే. నాయర్ కేరళ నుంచి ఉత్తరాదికి వెళ్లి, నరేలాలో గాంధీ ఆశ్రమం పెట్టుకుని ఆ చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసిన మనిషి. మలయాళీని తమ ఎంపీగా రెండుసార్లు పంపిన జాట్, గుజ్జర్, యాదవ, దళిత కుటుంబాల ఊళ్లవి. మూడు వందలకు పైగా గ్రామాల్లో గోధుమ, కూరగాయలు, పాడి. పంట నగరానికి పోయేది, నగరం నుంచి డబ్బు వచ్చేది. నీళ్లు, గిట్టుబాటు ధర, భూమి పన్ను, పట్నానికి బస్సు. ఇవే అందరి గొడవలూ. కాబట్టి వాటిని ఒకే నియోజకవర్గంగా కలపడంలో తప్పేమీ లేదు. ద్విసభ్య పద్ధతి రద్దయ్యాక 1962లో ఇక్కడ గెలిచిన చౌధరీ బ్రహ్మ్ ప్రకాశ్ ఆ పల్లెపట్టు రాజకీయానికి అసలైన ప్రతినిధి. కెన్యాలో పుట్టి, ఢిల్లీ శివారు శకూర్‌పూర్‌లో పెరిగి, 1952లో ముప్పై నాలుగేళ్లకే ఢిల్లీ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. సహకార సంఘాలే ఆయన ఆయువుపట్టు. 1967లో ఢిల్లీకి ఏడు స్థానాలొచ్చినప్పుడు ఆరింటిని జనసంఘ్ ఎగరేసుకుపోతే, కాంగ్రెస్‌కు దక్కిన ఒకే ఒక్కటి ఔటర్ ఢిల్లీ. దాన్ని నిలబెట్టింది ఈయనే. 1977లో జనతా గాలిలో పక్షం మారి మళ్లీ గెలిచారు. పార్టీ ఏదైనా ఊళ్లు మనిషిని గుర్తుపెట్టుకున్న కాలమది.

అయితే ఆ ఊళ్ల కింది నేల అప్పటికే కదలడం మొదలైంది. 1957లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1959లో ఒకే నోటిఫికేషన్‌తో 34,070 ఎకరాల సేకరణకు ప్రభుత్వం సిద్ధమైంది. 1962లో మాస్టర్ ప్లాన్ వచ్చింది. పొలాలను సర్కారు తీసుకుని ప్లాట్లు, కాలనీలు వేసి అమ్మే పద్ధతి అప్పటిది. పొలం పోయినా ఊరు మిగిలింది. 1908 నాటి బందోబస్తులో గ్రామకంఠం చుట్టూ పటం మీద గీసిన ఎర్ర గీతను లాల్ డోరా అంటారు. ఆ గీత లోపలి ఇళ్లకు నగర నిర్మాణ నిబంధనల నుంచి మినహాయింపు దొరికింది. దాంతో రైతు కుటుంబాలు గొడ్ల కొట్టాల స్థానంలో అద్దె గదులు, గోదాములు, చిన్న కార్ఖానాలు లేపాయి. లాల్ డోరా బయట, సర్కారు ఇంకా సేకరించని పొలాలను రైతులే ముక్కలు చేసి అమ్మితే అనధికార కాలనీలయ్యాయి. బీహార్, తూర్పు ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, హర్యానాల నుంచి పనికోసం వచ్చినవాళ్లకు నగరం నడిబొడ్డులో చోటు దొరకదు. వాళ్లకు అందుబాటులో ఉన్నది ఈ నేలే. 1961లో 26.59 లక్షలున్న ఢిల్లీ 1971కి 40.66 లక్షలైంది. 1981కి 62.20, 1991కి 94.21, 2001కి 138.51 లక్షలు. ఈ పెరుగుదలలో పాతనగరం వాటా చాలా తక్కువ. గోడలమధ్య నగరంలో ఇళ్లు దుకాణాలుగా, గోదాములుగా మారుతుంటే అక్కడి కుటుంబాలు బయటికి వెళ్లిపోయాయి. పెరిగిందంతా అంచుల్లోనే. మూడు వందలకు పైగా ఉన్న గ్రామాలు 2001 నాటికి జనగణన పుస్తకాల్లో 165కు తగ్గాయి. ఊళ్లు ఎక్కడికీ పోలేదు, నగరమే వాటిని మింగేసింది.

జనం తమంతట తాము అంచులకు చేరారనుకుంటే అది సగం నిజమే. మిగతా సగం సర్కారు చేతులతో జరిగింది. ఎమర్జెన్సీ కాలంలో మురికివాడల తొలగింపు పేరుతో ఢిల్లీలో సుమారు ఏడు లక్షల మందిని నగరం మధ్యనుంచి ఎత్తి బయట పునరావాస కాలనీల్లో దించారు. యమునకు అవతల కొన్ని, ఔటర్ ఢిల్లీలో మంగోల్‌పురీ, సుల్తాన్‌పురీ వంటివి కొన్ని. ఆ కాలనీల్లో ఒక కుటుంబానికి ఇచ్చిన స్థలం ఇరవై ఐదు చదరపు గజాలు. పదిహేను అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు. మూడు వైపులా పక్కవాళ్ల గోడలు, ముందు సందు. నీళ్లకూ మరుగుదొడ్డికీ ఉమ్మడి ఏర్పాటు. పిల్లలు పెద్దయితే పక్కకు జరగడానికి జాగా ఉండదు కాబట్టి ఇల్లు పైకే లేవాలి. అందుకే ఇప్పుడు ఆ సందుల్లో అంతస్తు మీద అంతస్తు వేసుకుని, మెట్లు వీధిలోకి పొడుచుకొచ్చిన ఇళ్లు వరసగా కనిపిస్తాయి. ఇలాంటి కాలనీలు పక్కపక్కనే పదులకొద్దీ ఎకరాల్లో పరుచుకుంటే ఓటర్ల జాబితా ఎలా ఉబ్బుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ ఓటర్లకు ప్రాతినిధ్యం ఎలా లెక్కగట్టాలన్న నిర్ణయం కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే జరిగిపోయింది. 1976 ఏప్రిల్ 16న కేంద్రం జాతీయ జనాభా విధానాన్ని ప్రకటించింది. లోక్‌సభ స్థానాలకు 1971 లెక్కలే 2001 దాకా ఆధారమని అందులో చెప్పింది. మూడు రోజులకు, ఏప్రిల్ 19న, పాతనగరంలోని తుర్క్‌మాన్ గేట్ దగ్గర కూల్చివేతలను అడ్డుకున్న జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. ఒకే నెలలో ఒకే ప్రభుత్వం జనాన్ని పొలిమేరకు తరలించింది, ఆ తరలింపు పార్లమెంటు లెక్కల్లోకి రాకుండానూ చేసింది. రెండింటినీ కలిపి ఎవరో పథకం పన్నారని చెప్పడానికి ఆధారం లేదు, నేను ఆ మాట అనను కూడా. కానీ తుర్క్‌మాన్ గేట్ పరిసరాల నుంచి పొలిమేరకు చేరిన కుటుంబానికి ఇల్లూ పనీ పోవడంతోపాటు ఓటు విలువ కూడా ఏటికేడు కరిగిపోయింది. ఫలితం మాత్రం ఇదే.

ఆ ఏడాది చివర వచ్చిన 42వ రాజ్యాంగ సవరణ ఏం చేసిందో కాస్త నిదానంగా చూడాలి. ప్రతి జనగణన తర్వాతా రెండు పనులు జరగాలని 82వ అధికరణం చెబుతుంది. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలో సర్దడం ఒకటి. ఒక్కో రాష్ట్రం లోపల నియోజకవర్గాల హద్దులు సర్దడం రెండోది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు స్థానాలు పోగొట్టుకోకూడదన్న వాదన మొదటి పనికి సంబంధించింది. ఆ వాదనలో న్యాయం ఉంది. అయితే సవరణ రెండు పనులనూ ఒకే దెబ్బతో 2000 తర్వాతి తొలి జనగణన దాకా ఆపేసింది. ఢిల్లీకి ఏడు స్థానాలే ఉంచుతూ ఆ ఏడింటి హద్దులను పదేళ్లకోసారి సర్దితే తమిళనాడుకు గానీ కేరళకు గానీ నాటి ఆంధ్రప్రదేశ్‌కు గానీ పోయేదేముంది? ఏమీ లేదు. చాందినీ చౌక్‌కూ మంగోల్‌పురీకీ మధ్య గీత ఎక్కడుండాలన్నది రాష్ట్రాల మధ్య తగువు కానే కాదు. ఆ ప్రశ్నను ఈ తగువులోకి లాగడం వల్లే 1971లో సగటున ఐదు లక్షల ఎనభై వేల జనానికి ఒకటిగా ఉన్న ఢిల్లీ స్థానాల్లో ఒకటి 2004కి ముప్పై మూడు లక్షల ఓటర్లకు చేరింది. చట్టం నగరం వెంట పరుగెత్తలేక ఆగిపోలేదు. కావాలని ఆపారు.

ఉత్తరాన నరేలా, బవానా నుంచి పశ్చిమాన నజఫ్‌గఢ్ మీదుగా దక్షిణాన బదర్‌పూర్ దాకా నగరాన్ని గుర్రపు నాడాలా చుట్టుకున్న ఈ స్థానంలో, ఢిల్లీ శాసనసభ తిరిగి ఏర్పడిన 1993 తర్వాత, డెబ్బై అసెంబ్లీ సెగ్మెంట్లకు గాను ఇరవై ఒకటి పడ్డాయి. ఇంత విస్తీర్ణంలో ఎవరు పోటీ చేయగలరు? 2004లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు చట్టం విధించిన గరిష్ఠ పరిమితి 25 లక్షల రూపాయలు. ఔటర్ ఢిల్లీలో దాన్ని ఓటరుకు ముప్పావు రూపాయి లెక్కన పంచితే సరిపోతుంది. చేతిలో సొమ్ము, వెనక కులం, ఊరూరా చౌధరీలు, పార్టీ యంత్రాంగం ఉన్నవాళ్లకు తప్ప మరొకరికి అక్కడ నిలబడే ఓపిక ఉండదు. అందుకే ఓటర్లలో వలస కుటుంబాలు ఎంత పెరిగినా పార్టీల చూపు ఎక్కువగా పాత గ్రామ నాయకత్వం చుట్టూనే తిరిగింది. 1971లో చౌధరీ దలీప్ సింగ్, 1984లో భరత్ సింగ్, 1989లో తారీఫ్ సింగ్ గెలిచారు. 1999లో ముండ్కా గ్రామానికి చెందిన జాట్ నాయకుడు, మాజీ ముఖ్యమంత్రి సాహిబ్ సింగ్ వర్మ గెలిచారు. 1996, 1998ల్లో గెలిచిన బీజేపీ నేత కృష్ణలాల్ శర్మ ఈ వరసకు మినహాయింపు. వీళ్లలో సమర్థులున్నారు. సాహిబ్ సింగ్ పల్లెల కష్టం తెలిసిన మనిషి, కేంద్రంలో కార్మిక శాఖ మంత్రిగానూ పనిచేశారు. వ్యక్తులను తప్పు పట్టాల్సిన పని లేదు. ముప్పై లక్షల మందికి ఒక్క సీటు ఉన్నచోట, కొత్తగా వచ్చినవాళ్లు ఎన్ని లక్షలున్నా చిన్నచిన్న గుంపులుగానే లెక్కకొస్తారు. పది లక్షల మందికి ఒక సీటు ఉంటే వాళ్లే ఒకచోట మెజారిటీ అవుతారు.

ఈ నియోజకవర్గం చరిత్రలో 1984 నవంబరును దాటవేసి ముందుకు పోలేం. ఇందిరా గాంధీ హత్య తర్వాత ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగింది. అధికారికంగా తేలిన మృతులే 2,733 మంది. సుల్తాన్‌పురీ, మంగోల్‌పురీ, నాంగ్లోయ్, పాలం కాలనీ. రక్తం ఎక్కువగా పారిన చోట్లలో చాలా భాగం ఔటర్ ఢిల్లీలోవి. అప్పటికి ఆ స్థానం ఎంపీ, 1980లో బ్రహ్మ్ ప్రకాశ్‌ను ఓడించిన సజ్జన్ కుమార్. ఆ డిసెంబరు ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయనకు టికెట్ ఇవ్వలేదు. 1991లో ఇచ్చింది, గెలిచారు. 2004లో ఇచ్చింది, 8.55 లక్షల ఓట్లతో గెలిచారు. 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు పాలం కాలనీ రాజ్‌నగర్‌లో ఐదుగురు సిక్కుల హత్య కేసులో ఆయనకు జీవిత ఖైదు విధించింది. 2025 ఫిబ్రవరిలో సరస్వతీ విహార్‌లో తండ్రీకొడుకుల హత్య కేసులో మరో జీవిత ఖైదు పడింది. నియోజకవర్గం చిన్నదై ఉంటే ఆ ఊచకోత జరిగేది కాదని ఎవరైనా అంటే అది అబద్ధం. హింసకు బాధ్యత దాన్ని చేసినవాళ్లది, ఆపని పోలీసులది, కేసులు నడపని వ్యవస్థది. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. ఇళ్లు కాలిపోయి, మగవాళ్లను పోగొట్టుకుని, చాలామంది వేరే చోట్లకు వెళ్లిపోగా మిగిలిన కుటుంబాలు ముప్పై మూడు లక్షల ఓట్లలో ఎన్ని? వాళ్ల కోపం, వాళ్ల నిరసన ఏ అభ్యర్థి గెలుపునూ ఆపలేనంత చిన్న భాగం. ఓటుపెట్టె ద్వారా జవాబు అడిగే దారి వాళ్లకు ఆ పటం మీద మూసుకుపోయింది. కోర్టు ద్వారా జవాబు రావడానికి ముప్పై నాలుగేళ్లు పట్టింది.

ఇక్కడొక అభ్యంతరం ఉంది, అది తేలికైంది కాదు. ఎంపీ పని చట్టాలు చేయడం. మురుగుకాల్వలు, మంచినీళ్లు, వీధిదీపాలు కార్పొరేటర్లు, ఎమ్మెల్యేలు చూసుకుంటారు. శివారు కాలనీలకు ఎంపీ ఒకరున్నా నలుగురున్నా రోజువారీ బతుకులో తేడా ఏముంటుందన్నది ఆ వాదన. ఇతర నగరాల్లో దీనికి కొంత బలం ఉండొచ్చు. ఢిల్లీలో మాత్రం ఇది తారుమారవుతుంది. ఢిల్లీలో భూమి, పోలీసు, శాంతిభద్రతలు కేంద్రం చేతిలోవి. పొలం సేకరించేదీ, ప్లాటు అమ్మేదీ, కాలనీ అక్రమమని చెప్పేదీ కేంద్రం కింద పనిచేసే ఢిల్లీ అభివృద్ధి సంస్థే. ఔటర్ ఢిల్లీ జనానికి అత్యంత ముఖ్యమైన ప్రశ్న, అంటే తాము కట్టుకున్న ఇంటి మీద తమకు హక్కుందా లేదా అన్నది, తేలాల్సింది పార్లమెంటులోనే. అనధికార కాలనీలకు ఆస్తి హక్కు గుర్తించే చట్టం వచ్చింది 2019 డిసెంబరులో. ఆ పథకం కింద లెక్కకొచ్చిన కాలనీలు 1,731. ఢిల్లీ అసెంబ్లీ ఎన్నికలకు రెండు నెలల ముందు ఆ చట్టం వచ్చిందన్నదీ గమనించాలి. ఇంటి పట్టా కోసం నలభై ఏళ్లు ఎదురుచూసిన జనానికి సభలో గొంతులు ఎన్నున్నాయన్నది చిన్న విషయం ఎలా అవుతుంది? డబ్బు లెక్కలో చూసినా అంతే. 2004లో ఎంపీ స్థానిక అభివృద్ధి నిధి ఏడాదికి రెండు కోట్లు, అందరు ఎంపీలకూ సమానమే. చాందినీ చౌక్‌లో అది ఓటరుకు యాభై రూపాయలకు పైగా పడితే, ఔటర్ ఢిల్లీలో ఆరు రూపాయలు కూడా పడలేదు. తారురోడ్డు ఉన్న చోటికి యాభై, మట్టిరోడ్డు ఉన్న చోటికి ఆరు.

ఇంకో అభ్యంతరం ఓటర్ల జాబితా మీద. శివారుల్లో చాలామందికి సొంతూళ్లో ఒక ఓటు, నగరంలో ఒక ఓటు ఉంటుంది, మారిన చిరునామాలు జాబితాలోంచి పోవు, కాబట్టి 33 లక్షలన్నది ఉబ్బిన అంకె అంటారు. కొంతవరకు నిజమే. పోనీ, ఆ జాబితాలోంచి నాలుగో వంతు కొట్టేద్దాం. అప్పటికీ పాతిక లక్షలు మిగులుతాయి, చాందినీ చౌక్‌తో పోలిస్తే ఆరు రెట్లు ఎక్కువే. పైగా పునర్విభజనకు ఆధారం ఓటర్ల జాబితా కాదు, జనగణన. జనగణనలో మనిషి ఎక్కడ ఉంటున్నాడో అక్కడే లెక్కిస్తారు. రెండు చోట్ల పేరున్నా ఒకచోటే మనిషి. 

ఇంత తేడా ఇతర ప్రజాస్వామ్యాలు సహించాయా అంటే, సహించి ఆ తర్వాత దిద్దుకున్నాయి. 1964లో అమెరికా సుప్రీంకోర్టు జార్జియా రాష్ట్రానికి చెందిన ఒక కేసులో తీర్పిచ్చింది. అట్లాంటా ఉన్న ఐదో జిల్లాలో 8.23 లక్షల జనానికి ఒక ప్రతినిధి, తొమ్మిదో జిల్లాలో 2.72 లక్షలకు ఒకరు. మూడు రెట్ల తేడా. అది రాజ్యాంగానికి విరుద్ధమని, ఒకరి ఓటు వీలైనంతవరకు మరొకరి ఓటుతో సమానంగా ఉండాలని కోర్టు అంది. లండన్ శివారులదీ అలాంటి కథే. రెండు ప్రపంచయుద్ధాల మధ్య రైలు మార్గాలు పట్టుకుని పెరిగిన హెండన్, రోమ్‌ఫర్డ్ వంటి స్థానాల్లో ఓటర్లు రెండు లక్షలు దాటిపోతే, బ్రిటన్ యుద్ధం ముగిసేదాకా కూడా ఆగలేదు. 1944లోనే చట్టం చేసి అలాంటి భారీ స్థానాలను విడగొట్టింది. 1945 ఎన్నికల నాటికి కామన్స్ సభ 615 నుంచి 640కి పెరిగింది. బాంబులు పడుతున్న దేశానికి తీరిక దొరికింది. మన దగ్గర ఎనిమిది రెట్ల తేడా ఉన్నా పౌరుడు కోర్టుకు వెళ్లే దారి దాదాపు లేదు. పునర్విభజన చట్టాన్ని న్యాయస్థానాల్లో ప్రశ్నించకూడదని 329వ అధికరణం అంటోంది. అలాంటప్పుడు ఆ పని సకాలంలో చేయాల్సిన బాధ్యత పార్లమెంటు మీద మరింత బరువుగా పడుతుంది.

ఆ బరువును పార్లమెంటు చివరికి ఎత్తుకుంది. ఎత్తుకున్న తీరే ఈ వాదనకు అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం. 2002లో అమల్లోకొచ్చిన 84వ సవరణ రాష్ట్రాలకిచ్చే స్థానాల సంఖ్యను 2026 తర్వాతి తొలి జనగణన దాకా కదలకుండా ఉంచింది. కానీ రాష్ట్రాల లోపలి హద్దులను మళ్లీ గీయడానికి అనుమతించింది. 2003లో 87వ సవరణ ఆ పనికి 2001 లెక్కలు వాడమంది. రెండు ప్రశ్నలూ విడివిడిగా పరిష్కరించదగ్గవేనని చట్టసభే ఒప్పుకుందన్నమాట. దక్షిణాది ఒక్క సీటూ కోల్పోకుండానే జస్టిస్ కుల్దీప్ సింగ్ నేతృత్వంలోని కమిషన్ దేశంలో చాలా రాష్ట్రాల్లో పటం మార్చింది. ఢిల్లీలో సదర్, కరోల్ బాగ్, ఔటర్ ఢిల్లీ స్థానాలు పోయాయి. ఏడు స్థానాలకూ సమానంగా పదేసి అసెంబ్లీ సెగ్మెంట్లు వచ్చాయి. నరేలా, బవానా, మంగోల్‌పురీ, సుల్తాన్‌పురీ ఎస్సీ రిజర్వుడు స్థానమైన నార్త్ వెస్ట్ ఢిల్లీలోకి, నజఫ్‌గఢ్ వైపు వెస్ట్ ఢిల్లీలోకి, మెహ్రౌలీ, బదర్‌పూర్ సౌత్ ఢిల్లీలోకి చేరాయి. 2009లో వెస్ట్ ఢిల్లీ నుంచి గెలిచింది బీహార్ మూలాలున్న మహాబల్ మిశ్రా. అరవై ఏళ్లుగా తూర్పు జిల్లాల నుంచి ఢిల్లీ అంచులకు చేరిన జనంలోంచి ఒకరు ఆ ప్రాంతానికి ఎంపీ కావడానికి హద్దులు మారడమే సాయపడింది. అదే స్థానాన్ని 2014లో, 2019లో సాహిబ్ సింగ్ కొడుకు పర్వేశ్ వర్మ గెలుచుకున్నారు కాబట్టి పటం మారితే పాత నాయకత్వం మాయమవుతుందని ఎవరూ అనుకోనక్కర్లేదు. అయినా ఇరుపక్షాలకూ పోటీ చేసే అవకాశం వచ్చింది. జరగాల్సింది అదే.

ఈ కథ తెలుగువాళ్లకు దూరపుది కాదు. అదే కుల్దీప్ సింగ్ కమిషన్ తెలంగాణ ప్రాంతంలో సిద్దిపేట, హన్మకొండ, మిర్యాలగూడ స్థానాలను తీసేసి, హైదరాబాద్ చుట్టూ మల్కాజ్‌గిరి, చేవెళ్ల స్థానాలను గీసింది. శివారుకు తగిన చోటు ఇవ్వడమే ఉద్దేశం, మంచిదే. అయితే గీసింది 2001 లెక్కలతో. ఎన్నిక జరిగింది 2009లో. ఆ ఎనిమిదేళ్లలో కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఉప్పల్, ఎల్బీనగర్ ఎక్కడికో వెళ్లిపోయాయి. తొలి ఎన్నికకే మల్కాజ్‌గిరి ఓటర్లు 23 లక్షలు దాటారు. 2014 నాటికి 31.83 లక్షలు, దేశంలోకెల్లా పెద్ద స్థానం. ఔటర్ ఢిల్లీ ఖాళీ చేసిన చోటును ఆరేళ్లలో హైదరాబాద్ శివారు ఆక్రమించింది. 2024కు ఆ సంఖ్య 37 లక్షలు దాటింది. అదే రాష్ట్రంలో మహబూబాబాద్‌లో పదిహేను లక్షల పైచిలుకు. ఒక్కసారి సర్ది ఇరవై ఏళ్లు వదిలేస్తే సరిపోదని దీన్నిబట్టి తేలుతోంది. అప్పుడే గీసిన హద్దును కూడా పెరిగే నగరం పదేళ్లలో దాటేస్తుంది.

ఇప్పుడు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణనకు నోటిఫికేషన్ వచ్చింది. దాంతో దక్షిణాది రాష్ట్రాల స్థానాల వాటా మీద వాదన వేడెక్కింది. మన వాటా తగ్గకూడదన్న పట్టుదల సరైందే. జనాభాను అదుపు చేసినందుకు శిక్ష పడటం అన్యాయం. కానీ ఆ పట్టుదలలో పునర్విభజన అన్న మాట వింటేనే వద్దనే ధోరణి పెరుగుతోంది. అక్కడే జాగ్రత్త కావాలి. రాష్ట్రాల వాటా ఇంకో పాతికేళ్లు కదలకూడదని తేలినా సరే, లోపలి హద్దులను ప్రతి జనగణనకూ స్వతంత్ర కమిషన్ సర్దేలా 82వ అధికరణాన్ని, శాసనసభల కోసం 170వ అధికరణాన్ని సవరించాలని తెలుగు ఎంపీలే ముందుగా అడగాలి. తెలంగాణకు పదిహేడు, ఆంధ్రప్రదేశ్‌కు పాతిక స్థానాలు అలాగే ఉంటాయి. ఆ పదిహేడులో మల్కాజ్‌గిరి ఓటరుకు, మహబూబాబాద్ ఓటరుకు మధ్య తేడా తగ్గుతుంది. దీనివల్ల గ్రామీణ ప్రాంతాలకు స్థానాలు తగ్గుతాయన్న భయం ఒకటుంది. అది నిజమైన భయమే. అడవి, గిరిజన ప్రాంతాల్లో దూరాలు ఎక్కువ, ఎంపీని కలవడం కష్టం. వాటికి పది, పదిహేను శాతం వెసులుబాటు ఇవ్వొచ్చు. రెండున్నర రెట్ల తేడాకు వెసులుబాటు అన్న పేరు అతకదు.

పదేళ్లకోసారి హద్దులు మారితే ఎంపీకీ జనానికీ అనుబంధం తెగిపోతుందన్న వాదన కూడా గట్టిగా వినిపిస్తుంది. దీనికి జవాబు ఔటర్ ఢిల్లీ పాత చరిత్రలోనే దొరుకుతుంది. స్వతంత్రం వచ్చాక సుమారు తొలి పాతికేళ్లలో 1952లో, 1963లో, 1973లో మూడు కమిషన్లు పనిచేశాయి. ఆ స్థానం హద్దులు 1962లో మారాయి, 1967లో మళ్లీ మారాయి. రెండుసార్లూ బ్రహ్మ్ ప్రకాశే గెలిచారు. 2008 నుంచి అంగుళం కదలని మల్కాజ్‌గిరిలో సర్వే సత్యనారాయణ, మల్లారెడ్డి, రేవంత్ రెడ్డి, ఈటల రాజేందర్ — నాలుగు సాధారణ ఎన్నికల్లో నలుగురు గెలిచారు. అక్కడి ఓటర్లు ఒక్క ఎంపీనీ రెండోసారి పంపలేదు.